ముందు ఎవరు తినాలి?

దుప్పుల మందలో ఒక కట్టుబాటు ఉంది. కొత్త ఆకు ఏది దొరికినా ముందు పెద్దలు తినాలి, నెల గడిచాకే పిల్లలకు పెట్టాలి.

ఒక పిల్లదుప్పి మెడలో గడ్డ లేచి రోజురోజుకీ పెరుగుతోంది. దానికి పనిచేయొచ్చని ఎలుగుబంటి వైద్యుడు కొండమీది ఆకొకటి తెచ్చాడు.

"ముందు నేను తింటా. పసిదాని మీద ప్రయోగాలా, సిగ్గులేదూ?" అన్నాడు మందపెద్ద.

"ఈ గడ్డ పిల్లలకే వస్తుంది కదా తాతా! ఆ జబ్బు లేని మీరు ఆకు తింటే, అది తగ్గుతుందో లేదో ఎలా తెలుస్తుంది? నెలాగితే నా బిడ్డ ఉంటుందా?" అంది తల్లి.

మందపెద్ద వైద్యుడి వైపు తిరిగాడు. "తగ్గుతుందా?"

"తెలీదు. చిన్న ముక్కతో మొదలుపెడదాం. నేనిక్కడే కూర్చుంటాను."

మందపెద్ద ఆకు తుంచి పిల్ల ముందు పెట్టాడు.

"చేదా తాతా?" అంది పిల్ల.

"నాకు తెలీదమ్మా. ఈసారి నువ్వే మాకు చెప్పాలి."