అడవి బంగ్లాకు వచ్చిన అవ్వ

"ఓ అవ్వా! పనోళ్లు ఎనుక నుంచి రావాలె. గటు పో."

మెట్లెక్కుతున్న ముసలామె ఆగింది. రొంటిలోంచి చిట్టీ తీసి చూపించింది.

చౌకీదారు లచ్చయ్య కూడబలుక్కుని చదివాడు.

జన్నారం అడవిలోని ఆ పాత షికారు బంగ్లా గదులను సర్కారు జనానికి కిరాయికి ఇవ్వడం మొదలుపెట్టి ఏడాదైంది. చిట్టీ సరిగ్గానే ఉంది. ముందు గది, ఒక్క రోజుకు. రాజం, మందమర్రి.

"రాజం ఎవలు?"

"నా కొడుకు. బొగ్గుబాయిల పనిచేస్తడు. తీర్థం తోలుకపోత అవ్వా అన్నడు. తీర్థమొద్దు, గా బంగ్లల ఒక్క దినం ఉంట అన్న."

లచ్చయ్యకు నవ్వొచ్చింది. ఇన్నాళ్లూ వకీళ్లు, ఇంజనీర్లు వచ్చారు. ముతక చీరతో, సద్దిమూటతో దిగిన మనిషి ఈమే మొదలు.

తాళం తీశాడు.

ఆమె మంచం వైపు చూడలేదు. రాతి గోడను అరచేత్తో తడిమింది. గది గదికీ తిరిగింది. తర్వాత వరండాలో పెద్ద కుర్చీలో నిండుగా కూర్చుంది.

"జర చాయ్ తెస్తవా బిడ్డా?"

తెచ్చి, ఆమె కాళ్ల దగ్గర నేల మీద పెట్టాడు.

"బల్ల మీద పెట్టు."

గొంతులో కోపం లేదు. అయినా లచ్చయ్య వంగి, కప్పు తీసి బల్ల మీద పెట్టాడు.

ఆమె తాపీగా తాగింది.

"నీకు నెలనెల జీతమిస్తరా?"

"ఇయ్యకుంటె ఊకెనే చేస్తనా?"

"గట్లుండాలె!" అని ముసలామె ఎందుకో చాలాసేపు నవ్వింది.

పొద్దుగూకేదాకా ఆ కుర్చీ దిగలేదు.

మర్నాడు పొద్దున లచ్చయ్య చీపురు అందించాడు.

"గది జర ఊడ్చి పో."

"అది నీ పని బిడ్డా."

బస్సెక్కి వెళ్లిపోయింది.

ఆదివారం ఇంటికి పోయినప్పుడు లచ్చయ్య తల్లి రామవ్వతో చెప్పాడు.

"ఏం టెక్కే అవ్వా ఆమెది! రాణి లెక్క కూసున్నది."

"ఎవలురా?"

"పేరడుగలే. మందమర్రి బాయిల పనిచేసే రాజం తల్లట."

రామవ్వ చేతిలోని చాట కింద పెట్టేసింది.

"రాజం తల్లా? మన కిష్టవ్వరా! నాకు జర కబురన్న జెయ్యకపోతివి!"

"ఎవలవ్వా ఆమె?"

రామవ్వ కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత నిటారుగా కూర్చుంది.

"నిజాం కాలంల ఆ బంగ్లకు ఊరంత వెట్టికి రాళ్లు మోసినం. ఎండకు మీ బాపు సొమ్మసిల్లి పడ్డడు. గుత్తెదారు కొరడ ఎత్తిండు. కిష్టవ్వ నెత్తిమీది రాయి వాని కాళ్ల ముంగట పడేసింది. 'కూలి ఇయ్యనిది ఇగ ఒక్క రాయి లేవది' అన్నది. ఆమెను జూసి మేమందరం దించినం."

లచ్చయ్య తల్లి దగ్గరికి జరిగాడు.

"ఆమెను ఊరెళ్లగొట్టిన్రు బిడ్డా. గాని గా దినం నుంచి మన ఊళ్లె ఒక్కలు గూడ వెట్టికి పోలే."