కొండముని వద్దన్న రోజు

“కోస్తే ఇవాళే కొయ్యాలి యోస్ట్! నలుపు చీలమండ దాకా పాకింది. మోకాలు దాటిందంటే నా పిల్ల నాకు దక్కదు!”

ఆ జర్మన్ పట్టణంలో గడ్డాలు గీసేదీ, కుళ్ళిన కాళ్ళు కోసేదీ యోస్ట్ ఒక్కడే. రంపం ఉంది, పనితనం ఉంది, మనిషి మాత్రం కదలడు. గోడకు వేలాడుతున్న ‘కొండముని పంచాంగం’ చూపించాడు.

“చంద్రుడు మీనంలో ఉన్నాడు ప్రొఫెసరుగారూ. మీనమంటే పాదాలు. ఎల్లుండి దాకా పాదానికి ఇనుము తగలకూడదని ముని అచ్చులో రాశాడు.”

“ఇరవయ్యేళ్ళుగా చంద్రుణ్ణి కొలుస్తున్నవాణ్ణి నేను! ఆ రాతిముద్దకీ మా ఉర్సులా కాలికీ ఏం సంబంధమయ్యా?”

ప్రొఫెసర్ రోమ్‌హిల్డ్ యోస్ట్ చెయ్యి పట్టుకుని తలుపువైపు లాగాడు. బండిచక్రం కింద పాదం నలిగిన ఆ పిల్లకు తొమ్మిదేళ్ళు.

మొహాన సబ్బు నురగతో కూర్చున్న కసాయి నవ్వాడు. “జాతకాల జోలికి పోమని విశ్వవిద్యాలయంలో మొట్టమొదట ఒట్టేసింది తమరే కదా! తమకి మునంటే గిట్టదు లెండి.”

“నాకు ఆయన మాటే వేదవాక్కు,” అన్నాడు యోస్ట్. “పదకొండేళ్ళుగా ఈ గోడకి ఆయన పంచాంగమే. పోయినేడు ఆయన వద్దన్న రోజే మా బావమరిది వేలు కోశాను. మూడోనాడు పాతిపెట్టాం.”

“ఆ మునే కొయ్యమంటే?”

“సంతకం తెండి. ఆ క్షణమే వస్తాను.”

రోమ్‌హిల్డ్ పరుగు తీశాడు. గంటలో రొప్పుతూ తిరిగొచ్చాడు. చేతిలో ఉత్తరం. ‘ఆలస్యం చెయ్యక కోయుము.’ కింద కొండముని సంతకం, పంచాంగం అట్టమీద ఉన్నట్టే, చివర చేతికర్ర బొమ్మతో సహా.

యోస్ట్ దాన్ని వేలితో రుద్దాడు. వేలికి సిరా అంటింది.

“ముని ఉండే కొండ నాలుగు రోజుల నడక. మీరు గంటలో వెళ్ళొచ్చారా? ఇంత చదువుకుని దొంగ సంతకమా! బిడ్డ మీది బెంగతో చేశారు గనక పోనీలే అంటున్నాను. ఎల్లుండి రండి.”

బయటికి నెట్టి తలుపేసుకున్నాడు.

ఎల్లుండికి కోయడానికి ఏం మిగులుతుంది? రోమ్‌హిల్డ్ రెండు పిడికిళ్ళతో తలుపు బాదాడు. ఏడుస్తూ అరిచాడు.

“యోస్ట్! ఆ ముని నేనేరా! నేనే!”

లోపల పకపకా నవ్వులు.

“పాపం, మతి పోయింది,” అన్నాడు కసాయి.

పదకొండేళ్ళలో కొండముని చెప్పిన మొదటి నిజం అదే.