ఆకుపసరు రిపోర్టు

"ఈ కాలేయం చూస్తుంటే జాలేస్తోంది. పసరు పోసి మరీ చంపావు," అన్నాడు పెద్ద డాక్టరు మైక్రోస్కోపు మీంచి తల ఎత్తకుండానే.

ఎదురుగా అతని తోడల్లుడు కూర్చుని ఉన్నాడు. ఎదురు మాట్లాడడం తోడల్లుడికి చేతకాదని డాక్టరు అభిప్రాయం. పదకొండేళ్ళుగా ఆకులు ఎండబెట్టి, నూరి, మరిగించి, ఆ సారం ఎలుకల చేత తాగించి, ఆనక వాటికి రేడియేషన్ పెట్టి, లోపలి అవయవాలు నిలిచాయా పోయాయా అని వెతుక్కునే మనిషి అతను. క్యాన్సర్‌కి రేడియేషన్ పెట్టించుకునే రోగుల కాలేయాలను ఆ పసరు కాపాడుతుందని అతని ఆశ. పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు కదా అని అతను బాధపడితే, నీ చెట్టు ఏ పెరట్లో ఉన్నా పనికిరాదని డాక్టరు దిద్దేవాడు. అత్తగారు మాత్రం ఎప్పుడూ చిన్నల్లుణ్ణే మెచ్చుకునేది. ఆవిడకు మనుషుల్ని ఎంచడం తెలియదని డాక్టరు ఏనాడో తేల్చేశాడు.

ఎలుకల అవయవాలను పల్చటి పొరలుగా కోసి గాజుపలకల మీద అంటించిన స్లైడులు డాక్టరు దగ్గరికి వస్తాయి. ఎంత పాడయ్యాయో చూసి ఆయన సున్నా నుంచి నాలుగు దాకా మార్కులు వేస్తాడు. సున్నా అంటే చెక్కుచెదరలేదని, నాలుగంటే ఇక దేనికీ పనికిరాదని. ఇంతకుముందు రెండుసార్లు బయటి సంస్థల వాళ్ళు చూసి పసరు పనిచేసిందన్నారు. రెండుసార్లూ డాక్టరు ఆ మాట కొట్టిపారేశాడు. అందుకే కొత్త స్లైడులతో ఇది మూడోసారి, ఆఖరిసారి. ఔనంటే రోగుల మీద పరీక్షకు అనుమతి వస్తుంది, కాదంటే తోడల్లుడి విభాగానికి తాళం పడుతుంది. ఈ సంగతి డైరెక్టరమ్మ ఇద్దరికీ చెప్పింది. సంస్థ మొత్తానికి ప్రధాన పరీక్షకుడిగా డాక్టరును వేసే కాగితం సంగతి కూడా ఇవాళే తేలుస్తానంది.

మామూలుగా స్లైడు మీద అంకె తప్ప ఇంకేమీ ఉండకూడదు. అది ఏ ఎలుకదో చూసేవాడికి తెలియకూడదు. ఆ నియమమంటే డాక్టరుకు ఒళ్ళుమంట. ముప్ఫై ఏళ్ళ అనుభవం ఉన్నవాడి కళ్ళకు గంతలు కట్టడానికి నేనేమన్నా గానుగెద్దునా అని వాదించాడు. పసరు తాగినవేవో, వట్టి నీళ్ళు తాగినవేవో గుర్తుపెట్టి ఇస్తేనే చూస్తానన్నాడు. డైరెక్టరమ్మ సరేనంది. తోడల్లుడు ఎక్కడ తారుమారు చేస్తాడోనని పసరు తాగినవాటికి ఆకుపచ్చ చీటీలు ఆవిడ చేతే అంటింపజేశాడు. పదింటికి చీటీలున్నాయి, పదింటికి లేవు.

చీటీలు లేని పదీ పొద్దున్నే చూసేసి, రేడియేషన్ తిన్న కాలేయాలు ఇలాగే ఏడుస్తాయంటూ తలా రెండు వేశాడు. చీటీలున్నవాటి దగ్గర మాత్రం తీరిగ్గా ఆగాడు. కణాలు ఉబ్బాయన్నాడు, రక్తనాళాల చుట్టూ వాచిందన్నాడు. మూడు, మూడు, నాలుగు అని పైకి చదువుతూ వేశాడు.

"బయటివాళ్ళకు బాగానే కనిపించాయి కదండీ అన్నయ్యగారూ," అన్నాడు తోడల్లుడు చివరికి.

"పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుంది తమ్ముడూ. నాకు నీ పసరు మీద ప్రేమా లేదు, పగా లేదు. ఉన్నదే కనిపిస్తుంది."

తోడల్లుడు ఇంకొక్కసారి చూడమని బతిమాలాడు. పదకొండేళ్ళ కష్టమన్నాడు.

"పదకొండేళ్ళు చిలికినా నీళ్ళలోంచి వెన్న రాదు," అన్నాడు డాక్టరు.

పసరు కాపాడకపోగా హాని చేసిందని, సందేహానికి తావే లేదని రిపోర్టు రాసి, కింద ఒక గీత గీసి సంతకం పెట్టాడు. తోడల్లుడు లేచి వెళ్ళి కిటికీ దగ్గర నిలబడ్డాడు. ఆ వంగిన వీపు చూస్తే డాక్టరుకు హాయిగా అనిపించింది. ఈ కబురు అత్తగారికి ఎవరు చెబితే బాగుంటుందా అని కూడా ఆలోచించాడు.

డైరెక్టరమ్మ వచ్చి రిపోర్టు రెండుసార్లు చదివింది.

"అయితే చీటీలున్నవే ఎక్కువ పాడయ్యాయంటారు."

"కళ్ళున్నవాడెవడైనా అదే అంటాడు మేడమ్."

"మార్చేదేమన్నా ఉందా?"

"ఒక్క అక్షరం కూడా లేదు."

ఆవిడ రిపోర్టు మడిచి ఫైల్లో పెట్టుకుంది. కిటికీ దగ్గరున్న మనిషిని వచ్చి కూర్చోమంది. అతను కూర్చునేదాకా ఆగి, డాక్టరు వైపు తిరిగింది.

"ఇరవై స్లైడులూ రేడియేషనే పెట్టని ఒక్క ఎలుకవి, డాక్టరుగారూ."