వాసన రాని బిస్కెట్లు

పిల్లి నర్సు సంచిలోకి తల దూర్చి, ఒక బిస్కెట్ ప్యాకెట్‌ను పళ్లతో బయటికి లాగింది.

"అయ్యో, అది పక్కవీధి వాళ్లు మిగిల్చింది!" అంటూ నర్సు లాక్కోబోయింది. పిల్లి వదలకుండా గుర్రుమంది. "దీనికింత ఆత్రమేంటి ఆంటీ?"

ఇంటావిడ పిల్లినే చూస్తోంది. చేప నుంచి తీసిన ప్రోటీన్ కలిపిన బిస్కెట్లు తింటే షుగరు తగ్గుతుందేమోనని ఇన్ని నెలలూ జరిగిన పరీక్ష నిన్నటితో ముగిసింది. మిగిలిన ప్యాకెట్లు తీసుకెళ్లడానికి నర్సు ఇల్లిల్లూ తిరుగుతోంది.

"సగం మందికి చేప కలపని మామూలువే ఇస్తామన్నారు కదమ్మాయ్. మా ఆయనకిచ్చినవి ఏవి?"

"మాక్కూడా చెప్పరాంటీ. అన్నీ ఒకేలా ఉంటాయి."

బల్ల మీదున్న భర్త ప్యాకెట్లోంచి ఆవిడ ఒక బిస్కెట్ తీసి పిల్లి ముందు పెట్టింది. పిల్లి దాన్ని ఒకసారి వాసన చూసి, పక్కనుంచి నడుచుకుంటూ మళ్లీ సంచి దగ్గరికే పోయింది.

రోజూ ఆయన కుర్చీలో కూర్చుని ఇవి తింటుంటే, అది ఆయన కాళ్ల దగ్గరే పడుకునేది. ఏనాడూ తలెత్తి చూడలేదు. అప్పటికి ఆయనకు రెండు కాళ్లూ ఉన్నాయి.

"ఆంటీ..." అని నర్సు ఆగిపోయింది.

లోపల మంచం మీంచి ఆయన కేకేశాడు. "ఏమే, ఆ అమ్మాయికి చెప్పావా? చేప వాసన ఇసుమంతైనా రాకుండా భలే చేశారని చెప్పు!"

ఆవిడ నేల మీది బిస్కెట్ తీసి ప్యాకెట్లో వేసి, దాని మూతి మడిచి నర్సు చేతిలో పెట్టింది.

"చెప్పానండీ," అంది.