ముందే రాసుకొచ్చిన ఫిర్యాదు

మా వాడు హోటళ్ల ఇన్‌స్పెక్టరుగా రిటైరయ్యాడు. తనిఖీకి వెళ్లకముందే రిపోర్టు రాసేయడం వాడి పాత అలవాటు. మేమిద్దరం సరదాగా వచ్చిన ఈ బీచ్ రిసార్టు మీద కూడా ఇంట్లోనే ఫిర్యాదు రాసి జేబులో పెట్టుకొచ్చాడు.

మూడో రోజు గది ఖాళీ చేస్తూ, కౌంటరు దగ్గర నిలబడి ఒక్కో వాక్యం కొట్టేయసాగాడు. 'దుప్పట్లు మురికి.' కొట్టేశాడు. 'వేడినీళ్లు రావు.' కొట్టేశాడు. 'కిటికీలోంచి సముద్రం కనబడదు.' మొహం వేలాడేసుకుని అదీ కొట్టేశాడు.

"కనబడి ఏం లాభంరా? ఆ హోరుకి కునుకు పట్టిందా? తువ్వాళ్లు చూడు, మరీ మెత్తన. ఒళ్లు తుడుచుకున్నట్టే ఉండదు," అన్నాను.

వాడు కాగితం మేనేజరు చేతికిచ్చాడు. తొంగిచూశాను. ఇంట్లో రాసిన వాక్యాల్లో ఒక్కటే కొట్టేయకుండా మిగిలింది.

'నాతో వచ్చినవాడు మూడు రోజులూ సణుగుతూనే ఉన్నాడు.'