అంచు దాకా అరిగిన టైరు

కిరణ్ పాల్‌కు తన తొమ్మిది వందల సీసీ బైకంటే ప్రాణం. శనివారమంతా టూత్‌బ్రష్‌తో దాని చెయిన్ తోముతాడు. ఆదివారం మధ్యాహ్నం దాకా నిద్రపోతాడు. సోమవారం మదీనాగూడ నుంచి హైటెక్ సిటీ దాకా, సిటీ బస్సు వెనక, ఫస్ట్ గేర్‌లో వీరవిహారం చేస్తాడు.

ఆఫీసు పార్కింగ్‌లో కొలీగ్ వంగి వెనక టైరు చూశాడు. "అన్నా, అంచుల దాకా అరిగింది! మలుపులల్ల బండిని గంతగనం వంచుతున్నవా? మామూలోనివి కాదే నువ్వు!"

మలుపు కనిపిస్తే చాలు కాలు కింద పెట్టే కిరణ్ పాల్ వినయంగా నవ్వాడు.

ఇంటికొచ్చి భార్య దగ్గర విసుక్కున్నాడు. "దరిద్రపు రోడ్లు! టైరు అంచులు కూడా అరిగిపోయాయి."

"పాపం, రోడ్లనెందుకు అంటారు?" అంది దీవెన. "ఆదివారాలు మీరు లేచేలోపు నేనే అనంతగిరి ఘాట్ ఎక్కి దిగొస్తున్నాను. చెయిన్ బాగా తోముతున్నారు గానీ, ఈ శనివారం బ్రేకులు కూడా కాస్త చూసిపెట్టండి."