ఆఫీసరుకు వేసిన ఆకు

"పొద్దున్నే ఆకులకని పోయి, ఇప్పుడా వచ్చేది? సార్లు వచ్చి అరగంటాయ!" జయరాముడు పెండ్లాన్ని కసిరాడు.

కదిరమ్మ కొంగు కప్పిన అరిటాకుల చుట్టను గుడిసెలో పెట్టి పప్పు కలపసాగింది.

గట్టు మీద వాదన జోరుగా ఉంది. తాడిపత్రి రోడ్డు వారనున్న ఆ రెండెకరాల అరటి తోటే వాళ్ల బతుకు. బండల ఫ్యాక్టరీ లారీలు రేపే దుమ్ముకు ఆకులు పండుబారి చీలికలయ్యాయి, గెలలు ఎదగడం మానేశాయి. పద్దెనిమిది అర్జీలు పెడితే అనంతపురం ఆఫీసరుకు ఈరోజు తీరిక దొరికింది. ఆయన 'నష్టం లేదు' అని రాశాడంటే తోట కొట్టేసి కూలికి పోవాల్సిందే.

"నీళ్లు సరిగా కట్టడం లేదు సార్," అన్నాడు ఫ్యాక్టరీ మేనేజరు చంద్రమోహన్. "దుమ్ము రోడ్డు పక్క రెండు వరసలు దాటదు. మా పెరట్లోనూ అరటి ఉంది, రోడ్డుకు అర కిలోమీటరు. ఆకులు నిగనిగలాడుతుంటాయి."

"నీళ్లు కట్టనిదెవురప్పా? రాత్రీ పగలూ బోరు కాడనే ఉండా. దుమ్ము తోటంతా కమ్మతాండాది సార్!" అన్నాడు జయరాముడు.

ఆఫీసరు గడియారం చూసుకున్నాడు.

"ముందు అన్నం తినండి సార్," అంది కదిరమ్మ. గుమ్మంలోకి వచ్చినవాడు పగవాడైనా సరే, ఆకు వేయకుండా పంపడం ఆమెకు చేతకాదు.

అందరూ చాప మీద కూర్చున్నారు. ఆఫీసరు అలవాటుగా ఆకు మీద నీళ్లు చిలకరించి అరచేత్తో తుడిచాడు. చేతికి బూడిద రంగు బురద అంటింది. ఇంకోసారి తుడిచాడు. మళ్లీ బురదే.

మేనేజరు ఎగిరి పడ్డాడు. "చూశారా నాటకం! కావాలనే రోడ్డు వారది కోసుకొచ్చింది!"

జయరాముడికి తల కొట్టేసినట్టయింది. "ఎంత పని చేసినావు మే!" అని గొణిగాడు.

"రోడ్డు వారదైతే మేనేజరు మాటే రాస్తాను," అన్నాడు ఆఫీసరు. "దూరం చెట్టుదైతే మాత్రం లారీలకు టార్పాలిన్ కప్పాలి, రోజూ రోడ్డు తడపాలి, తోటకు నష్టపరిహారం కట్టాలి. ఏమంటారు?"

"రాసుకోండి సార్! దూరం చెట్టుదైతే మొదటి సంతకం నాదే!" అన్నాడు మేనేజరు.

ఆఫీసరు పెన్ను తీశాడు. "చెప్పమ్మా, ఈ ఆకు ఏ చెట్టుది?"

కదిరమ్మకు సిగ్గుతో మొహం కందిపోయింది. "మా తోటలో మీకు వేసేంత మంచి ఆకు యాడుండాది సార్? అడిగి తెచ్చినా."

"ఎవరిని?"

ఆమె తలెత్తి మేనేజరు వైపు చూసింది. ఏడాదిగా ఎవరూ వినని గొంతు ఈసారి గట్టు దాటి వినిపించింది.

"ఈ సారోళ్ల ఇంటామెను!"